ఎయిర్ రైఫిల్‌లో గాలి నింపేటప్పుడు తేమ: తీరప్రాంతం వాళ్లు ఏం చేస్తున్నారు?

సాగరతీరం (విశాఖ)
అందరికీ నమస్కారం. మా పాప 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇంట్లో హ్యాండ్ పంపుతోనే రైఫిల్ గాలి సిలిండర్‌ని 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) వరకు కొడుతున్నాం. ఈ ఉక్కపోతలో పంపులో ఒత్తిడి వదిలే బ్లీడ్ స్క్రూ తిప్పితే పాలరంగు నురగ తుంపర్లుగా పడుతోంది. సిలిండర్‌లోకి ఎంత పోతోందోనని బెంగగా ఉంది. పంపు గాలి పీల్చే చోట తేమ పీల్చే సిలికా జెల్ పెడితే సరిపోతుందా?

బార్‌గేజ్
మీ బెంగ సబబేనండి. 0.2 లీటర్ల సిలిండర్‌ని ఖాళీ నుంచి 200 బార్‌కి నింపాలంటే 40 లీటర్ల బయటి గాలిని కుక్కాలి. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమ ఉంటే ఆ గాలిలో దాదాపు ఒక గ్రాము నీరుంటుంది. అంత ఒత్తిడిలో ఆవిరిగా నిలిచేది పిసరంతే, మిగతాదంతా నీరైపోతుంది. మీకు కనిపించే నురగ ఆ నీరూ పంపులోని గ్రీజూ కలిసినదే. బయటికి వచ్చేస్తే మంచిదే. లోపలికి పోయిందో, అల్యూమినియం మీద తెల్లపొడి కడుతుంది, ఉక్కు భాగాలు తుప్పు పడతాయి. ఆ పొడి ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడితో గాలి అందించే రెగ్యులేటర్‌లో చేరితే పెల్లెట్ వేగం షాట్‌షాట్‌కీ మారుతుంది.

గచ్చిబౌలి_గురి
అన్నా, గాలి పీల్చే కాడ జెల్ కొంచెం పనిచేస్తది గాని దాని మీదనే భరోసా పెట్టుకోకు. పంపుకు, గన్‌కు నడుమ హైప్రెషర్ ఫిల్టర్ పెట్టు. ఒత్తిడి పెరిగినంక నీళ్లు వాటంతటవే విడిపోతయి, అప్పుడు పట్టుడు అల్కగైతది. ఇంకోటి, ఏసీ గదిల కొట్టు. బయటి ఉక్కగాలితోని పోలిస్తే అండ్ల తేమ శాన తక్కువుంటది. యాభై స్ట్రోకులకోపాలి బ్లీడ్ తీసి, పంపును చల్లారనియ్యి. గన్‌ల వన్‌వే వాల్వ్ ఉంటది, నింపిన గాలి యాడికీ పోదు. వేడి మీద ఆపకుండ కొడితే నీళ్లు ఆవిరిగనే ఫిల్టర్ దాటి, సిలిండర్‌ల పోయి చల్లారుతయి.

గోదారి_గట్టు
ఫిల్టర్‌లో ముందు నీళ్లు పట్టే దూది, దాని తర్వాత మాలిక్యులర్ సీవ్ (మిగిలిన తేమని పీల్చే గుళికలు) ఉండాలి. దూది తడిసిందంటే మార్చేయండి, పిండి మళ్లీ పెట్టొద్దు. నీలం జెల్ గులాబీరంగుకి తిరిగితే దాని పని అయిపోయినట్టే. 120 డిగ్రీల దగ్గర ఆరబెడితే మళ్లీ నీలమవుతుంది గానీ అందులో కోబాల్ట్ ఉంటుంది, వంట ఓవెన్‌లో మాత్రం పెట్టకండి. సీవ్‌కైతే ఆ వేడి చాలదు.

సాగరతీరం (విశాఖ)
చాలా థ్యాంక్సండి. రుషికొండ వైపు స్కూబా డైవింగ్ వాళ్లున్నారు. వాళ్ల సిలిండర్ నుంచి నింపుకోవచ్చా?

బార్‌గేజ్
పంపుకన్నా అదే మేలు. మనిషి పీల్చే గాలి కాబట్టి ఆరబెట్టే నింపుతారు. కంప్రెసర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో మాత్రం అడగండి. మామూలు గాలే తీసుకోండి, ఆక్సిజన్ జోలికి అస్సలు వెళ్లొద్దు. జిడ్డు తగిలితే పేలుతుంది, పట్టుకున్న పిల్ల ప్రాణానికే ముప్పు.

గోదారి_గట్టు
రైఫిల్ సిలిండర్‌ని పూర్తిగా ఖాళీ చేసి ఉంచకండి. లోపల కొంత ఒత్తిడి ఉంటే బయటి తేమ చొరబడదు. దానిమీద కొట్టిన తేదీ కూడా చూడండి. గడువు దాటని సిలిండర్ వాడే బాధ్యత ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం షూటర్‌దే.