ములుగు భూకంపం: అమావాస్య ప్రభావం ఉందా, లేదా?

(ఆన్‌లైన్ చర్చలో సాగిన వాదన ఇది. ప్రతి పోస్టు మొదట ఉన్నది రాసినవారి మారుపేరు.)

తిథివారం: 2024 డిసెంబరు 4 ఉదయం 7:27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం. దానికి మూడు రోజుల ముందే, 1న కార్తీక అమావాస్య. పాత భూకంపాలు చూడండి: మహారాష్ట్రలోని కిల్లారి (1993 సెప్టెంబరు 30) పౌర్ణమి. సుమత్రా (2004 డిసెంబరు 26) పౌర్ణమి. భుజ్ (2001 జనవరి 26) అమావాస్య వెళ్లిన రెండో రోజు. సముద్రాన్ని లాగే చంద్రుడు నేలను వదిలేస్తాడా? 15న మళ్లీ పౌర్ణమి. గోదావరి పక్క ఊళ్లవాళ్లు జాగ్రత్త.

భూగర్భం: నేలనూ లాగుతాడు, కాదనలేదు. కానీ ఆ లాగుడుతో రాతిలో పుట్టే ఒత్తిడి కొద్ది కిలోపాస్కల్స్. భూకంపంలో విడుదలయ్యేది మెగాపాస్కల్స్‌లో (ఒక్కోటి వెయ్యి కిలోపాస్కల్స్), అంటే వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు. ఇక మీ లెక్క చూద్దాం. అమావాస్యకు అటు మూడు రోజులు, ఇటు మూడు, ఆ రోజుతో ఏడు. పౌర్ణమికి ఇంకో ఏడు. ఇరవై తొమ్మిదిన్నర రోజుల్లో పద్నాలుగు! చంద్రుడికి ఏ సంబంధం లేకపోయినా సగం భూకంపాలు అందులోనే పడతాయి. మహారాష్ట్రలో కోయ్నా డ్యాం దగ్గరిది (1967 డిసెంబరు 11) పౌర్ణమికి అయిదు రోజుల ముందు, నేపాల్ (2015 ఏప్రిల్ 25) అర్ధచంద్రుడి రోజు. అవి మీ జాబితాలో లేవేం?

గోదారిగట్టు: మరి ఫెంగల్ తుపాను సంగతి? నవంబరు 30న తీరం దాటింది, నాలుగు రోజులకే కంపించింది. కోయ్నాలో కదిలించింది డ్యాం నీళ్లే కదా.

భూగర్భం: కోయ్నాలో కంపించేది చాలావరకు పది కిలోమీటర్ల లోపు, పైన ఏళ్ల తరబడి నిలిచిన జలాశయం. ములుగుది 40 కిలోమీటర్ల లోతని నమోదైంది. నాలుగు రోజుల్లో వాన నీళ్లు అంత లోతుకు దిగవు. పైగా ఫెంగల్ దంచింది పుదుచ్చేరిని, ఉత్తర తమిళనాడును.

నీలిమబ్బు: పిల్లి ఎదురొచ్చిందేమో కూడా కనుక్కోండి 😀

చుక్కలరాయుడు: "ముందురోజు రాత్రి ఆకాశంలో వింత వెలుగులు" అని ఫార్వర్డులు పంపేవాళ్లకు: పొద్దు వాలాక పడమట మెరిసేది శుక్రుడు. తూర్పున రోహిణి పక్కనున్నది గురుడు. 7న సూర్యుడికి సరిగ్గా ఎదురొస్తాడు, రాత్రంతా కనిపిస్తాడు. 13 రాత్రి జెమినిడ్స్ ఉల్కలున్నాయి గానీ ఈసారి వెన్నెల పాడుచేస్తుంది. చంద్రుడికి వీపు పెట్టి గోడ నీడలో నిలబడండి, పెద్దవి మాత్రం దొరుకుతాయి.

తిథివారం: గురుడి సంగతి ఎవరడిగారు? భూగర్భం గారూ, సముద్రపు అంచుల్లో పోటుకూ భూకంపాలకూ సంబంధం ఉందని శాస్త్రవేత్తలే రాశారు. అది దాచి మాకు లెక్కలు చెబుతున్నారు. పంచాంగం పేరెత్తితే చాలు ఇక్కడ మూఢుడని ముద్ర, నా పాత పోస్టునూ ఇలాగే లేపేశారు. అయినా ముందు చెబితే పోయేదేముంది? రెండు రాత్రులు బయట పడుకుంటారు, అంతే.

భూగర్భం: దాచడానికేముంది! అక్కడ నీటి బరువు కూడా తోడవుతుంది, అవకాశం కాస్త పెరుగుతుంది. దాంతో తేదీ చెప్పలేరు. ములుగు జిల్లాలో ఇప్పుడు కంపించిన మేడారంలో సముద్రం ఎక్కడుంది? అది గోదావరి లోయలోని పాత పగుళ్ల ప్రాంతం, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చిందీ ఆ లోయలోనే. "పోయేదేముంది" అన్నారు చూడండి, నా గొడవంతా దానిమీదే. ఈ చలిలో ముసలివాళ్లను, పసిపిల్లలను ఆరుబయట పడుకోబెడతారు. ఏమీ రాదు. రెండుసార్లు అలా అయ్యాక నిజంగా పగుళ్లిచ్చిన ఇంట్లోంచి బయటికి రమ్మన్నా ఎవరూ రారు.

తిథివారం: అంటే జనం చావనీ, మీ లెక్క మాత్రం తప్పకూడదు. అంతేగా?

సెంట్రింగ్‌మేస్త్రి: చంపేది ఇల్లండీ, తిథి కాదు. పిల్లర్ కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగుల కొనలను (కొక్కేలు) 90 డిగ్రీల దగ్గర ఆపేస్తున్నారు. ఊపుకు పైనున్న కాంక్రీటు పొర (కవర్) రాలగానే అవి విచ్చుకుంటాయి, లోపలి కడ్డీలు బయటికి వంగుతాయి. 135 డిగ్రీలు వంచి కొన లోపలికి పోవాలి. బీము, పిల్లరు కలిసే చోట రింగుల మధ్య నాలుగు అంగుళాలు దాటకూడదు. కింద పార్కింగ్ అని గోడలన్నీ తీసేసి పైన నాలుగంతస్తులు లేపితే ఊగేదంతా ఆ కింది అంతస్తే. ఇటుక ఇంటికైతే లింటెల్ బ్యాండ్ (తలుపులు, కిటికీల పైన గోడల్లో పోసే కాంక్రీటు పట్టీ) తెగకుండా చుట్టూ తిరగాలి, తలుపుల మీద ముక్కలుగా పోస్తే లాభం లేదు.

తిథివారం: కట్టేసిన ఇళ్లు కూల్చమంటారా? 15 దాకా చూద్దాం.

భూగర్భం: 18న వస్తే మూడో రోజంటారు. ఇప్పుడే రాయండి: ఏ చోట, ఎంత తీవ్రత, ఏ తేదీ దాటితే మీ మాట తప్పినట్టు?

తిథివారం: తీవ్రత చంద్రుడు చెబుతాడా ఏంటి!