మామిడికి ఎక్కువ నష్టం గబ్బిలాల వల్లా, మచ్చ తెగులు వల్లా?

నూజివీడు దగ్గర మాకు బంగినపల్లి తోట ఉందండీ. ఈసారి కాయల మీద నల్లమచ్చలు, చెట్ల కింద గాట్లు పడ్డ పళ్లు, రెండూ ఉన్నాయి. నాన్నగారేమో అంతా గబ్బిలాల పనే అంటూ, అవి వేలాడే చింతచెట్టు కొట్టించేస్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. రెక్కలు చాపితే 4 అడుగులుండే ఈ పళ్ల గబ్బిలాలు ఎక్కువగా పండినవే తింటాయి, గింజల్ని దూరం మోసుకెళ్లి పడేస్తాయి కూడా. మచ్చ తెగులు తెచ్చే కొల్లెటోట్రైకమ్ శిలీంధ్రం అలా కాదు, వాన చినుకులతో చెట్టంతా పాకి, పచ్చికాయలోనే చేరి దాక్కుని, కోసి మాగేశాక నల్లగా బయటపడుతుంది. అసలు నష్టం దానివల్లేనని నా నమ్మకం. ఏది ఎంత పాడు చేసిందో విడివిడిగా లెక్క కట్టడం ఎలా? వలలు కట్టినవాళ్లు, పూత సమయంలో మందు కొట్టినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. చెట్టు కొట్టేవాళ్లు వచ్చే వారమే వస్తున్నారు.