పెద్దవాడికి పల్లీ ఎలర్జీ ఉంటే చెల్లెలికీ వస్తుందా?

డాలస్ అమ్మ:
మా బాబుకు రెండేళ్ళప్పుడు వేలికి అంటిన పల్లీ చట్నీ నాకించాను. పది నిమిషాల్లో పెదవులు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు. ఇప్పుడు పాపకు అయిదో నెల, అన్నప్రాశన దగ్గరపడింది. "వంశంలోనే ఉంది, మూడేళ్ళదాకా పల్లీ తగలనివ్వకు" అంటున్నారు అత్తయ్యగారు. మా వారికి ఉబ్బసం. ఇది పుట్టుకతో రాసిపెట్టి ఉంటుందా?

రాఘవ:
అత్తయ్యగారి మాట వినండి. 2000లో అమెరికాలో కవలలను పరిశీలిస్తే, సమరూప కవలల జంటల్లో 64 శాతం ఇద్దరికీ పల్లీ ఎలర్జీ ఉంది. మామూలు కవలల్లో అది 7 శాతమే. పెరిగిన ఇల్లు ఒకటే, తిన్న తిండి ఒకటే. తేడా జన్యువులదే.

పల్లె వైద్యురాలు:
రాఘవగారూ, ఆ సమరూప జంటలు 14. తొమ్మిదింటిలో ఇద్దరికీ ఉంది, అయిదింటిలో ఒక్కరికే. జన్యువులన్నీ ఒకటే అయినా ఆ అయిదుగురు ఎలా తప్పించుకున్నారు? బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో పల్లీ ఎలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతమని 2008లో తేలింది. అక్కడ ఏడాది నిండకముందే పల్లీతో చేసిన చిరుతిండి పెడతారు.

జన్యువుల పాత్ర లేదనను. చర్మాన్ని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ జన్యువులో లోపముంటే ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురదపెట్టే జబ్బు) వచ్చే అవకాశం పెరుగుతుంది. ఆ పగిలిన చర్మం గుండా ఇంట్లోని పల్లీ పొడి లోపలికి చేరితే, శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అదే ముందుగా నోటి ద్వారా చేరితే అలవాటు పడుతుంది. లండన్‌లో తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లల ఫలితాలు 2015లో వచ్చాయి. అయిదేళ్ళు వచ్చేసరికి, పసితనం నుంచి పల్లీ తినని వారిలో 17.2 శాతానికి, తింటూ వచ్చినవారిలో 3.2 శాతానికే పల్లీ ఎలర్జీ. మూడేళ్ళదాకా వద్దన్నది ఒకప్పటి అమెరికా పిల్లల వైద్యుల సలహానే. 2008లో వాళ్ళే వెనక్కి తీసుకున్నారు.

రాఘవ:
అంకెలు బాగున్నాయి. ఆ మొదటి చెంచాకే పాపకు ఊపిరాడకపోతే?

పల్లె వైద్యురాలు:
మీ భయం న్యాయమైనదే. లండన్‌లోనూ ముందు చర్మ పరీక్ష చేసి, పెద్ద దద్దు లేచిన పిల్లలను పక్కన పెట్టారు. అమ్మా, పాప ఒంటిమీద ఎగ్జిమా ఉందా? ఉంటే పరీక్ష కాకుండా ఇంట్లో పెట్టవద్దు. పెట్టేటప్పుడు కూడా మెత్తటి పల్లీ ముద్ద నీళ్ళలో పలుచగా కలిపి పెట్టాలి. గింజలు గొంతుకు అడ్డం పడతాయి.

డాలస్ అమ్మ:
మోచేతుల మడతల్లో ఎర్రగా, గరుకుగా ఉంది. చలికి పొడిబారిందనుకుని కొబ్బరినూనె రాస్తున్నాను. రేపు పొద్దున్నే డాక్టరుకు ఫోను చేస్తాను.