పాస్టరుకు సర్కారు గౌరవ వేతనం: తీసుకోవచ్చా, కూడదా?

సుంకేసుల (కర్నూలు):
అందరికీ వందనాలు. పాస్టర్లకు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమిచ్చే నెలకు 5,000 గౌరవ వేతనం గురించి వేరే థ్రెడ్‌లో గొడవ మొదలైంది. "రోమా 13 (పౌలు రోమీయులకు రాసిన పత్రిక, 13వ అధ్యాయం) ప్రకారం ప్రభుత్వం దేవుని పరిచారకుడే, దాని చేతి నుంచి తీసుకుంటే తప్పేంది" అని ఒకరు, "అది యెజెబెలు బల్ల దగ్గర భోజనం" (బయలు ప్రవక్తలను పోషించిన రాణి ఆమె) అని ఇంకొకరు. ఇవి నినాదాలు. వాక్యం ప్రకారం ప్రభుత్వం పని ఎంతవరకో తేల్చుకోకుండా ఈ 5,000 సంగతి తేలదు.

తీసుకోకూడదనేది నా పక్షం. రోమా 13లో పౌలు పాలకుడికి అప్పజెప్పింది కీడు చేసేవాణ్ణి శిక్షించడం, మేలు చేసేవాణ్ణి మెచ్చుకోవడం, అందుకోసం పన్ను తీసుకోవడం. 1 పేతురు 2:14 కూడా ఇదే మాట. 72వ కీర్తన బీదల పక్షాన న్యాయం తీర్చడాన్ని కలుపుతుంది. బోధకుణ్ణి పోషించే పని ఈ వాక్యాల్లో యాడా లేదు. 1 కొరింథీ 9:14 దాన్ని సువార్త వినేవాళ్ల మీదే పెట్టింది. ఇక ఆమోసు ప్రవక్త గ్రంథం 7 చూడండి. బేతేలు యాజకుడు అమజ్యా ఆమోసును పొమ్మన్నది ప్రవచనం అబద్ధమని కాదు. ఇది రాజుగారి గుడి, ఇక్కడ మాట్లాడొద్దని. అమజ్యా కూడు రాజుది, భయమూ రాజుదే.

పెన్నా ఇసుక (కడప):
అన్నా, ఆమోసు వరకు పోయినావు, ఎజ్రాను దాటేసినావే. ఎజ్రా 6లో పారసీక రాజు దర్యావేషు యూఫ్రటీసు నది అవతలి పన్నుల నుంచి యెరూషలేము మందిరం ఖర్చు కట్టమన్నాడు. కోడెలు, పొట్టేళ్లు, గోధుమలు, ఉప్పు, ద్రాక్షారసం, నూనె, రోజువారీ లెక్కన. 7:24లో తర్వాతి రాజు అర్తహషస్త యాజకుల మీద, లేవీయుల మీద పన్నే వేయకూడదన్నాడు. ఎజ్రా వద్దన్నాడా? 7:27లో రాజుకు ఆ బుద్ధి పుట్టించినందుకు దేవునికి స్తోత్రం చెప్పినాడు.

ఊరి లెక్క కూడా చూడు. 30 ఇళ్ల సంఘం, అందరూ కూలికి పొయ్యేవాళ్లే. చెనిక్కాయ ఎండిపోయిన ఏడాది దశమభాగం ఎంతొస్తుంది? కరెంటు బిల్లు, మైకు రిపేరు పోతే పాస్టరమ్మ చేతికి మిగిలేది ఏముంటుంది? మన జనం అగ్గిపెట్టె మీద కూడా పన్ను కడుతున్నారు. అందులోంచి కొంచెం వెనక్కి వస్తే అది కైసరు (రోమా చక్రవర్తి) సొమ్మెట్లయింది?

సుంకేసుల:
ఎజ్రా మాట న్యాయమే. అయితే 1:7 నుంచి చదువు తమ్మీ. పారసీక రాజు కోరెషు మొదట చేసింది బబులోను రాజు నెబుకద్నెజరు ఎత్తుకుపోయిన మందిరం పాత్రలు లెక్కపెట్టి తిరిగివ్వడం. రాజ్యం కూలగొట్టిన గుడిని రాజ్యమే కట్టించింది, దాన్ని నష్టపరిహారం అనొచ్చు. మన చర్చీల నుంచి సర్కారు ఎత్తుకుపోయిందేం లేదు. ఇంకోటి, దర్యావేషు సొమ్ము 6:10లో ఒక పని మీద వచ్చింది: రాజు కోసం, రాజు కొడుకుల కోసం ప్రార్థన చెయ్యాలి. అదే 8:22కు వచ్చేసరికి ఎజ్రా దారిలో కాపలాకు సైన్యం అడగడానికి సిగ్గుపడ్డాడు. యెరూషలేము గోడ కట్టించిన నెహెమ్యా మాత్రం సైనికులతోనే పోయినాడు (నెహెమ్యా 2:9), అది ఒప్పుకుంటా.

దేవుని కడప వాసి:
నేను క్రైస్తవుణ్ణి కాదు. దేవాదాయ లెక్కలు కొంచెం తెలుసు కాబట్టి మధ్యలో వస్తున్నా. "అర్చకులకు ఇస్తున్నారు గదా, మాకెందుకు ఇవ్వరు" అనే వాదన ప్రతిసారీ వస్తుంది. పోలిక సరిగ్గా కుదరదు. 1987 దేవాదాయ చట్టం కింద ఆదాయమున్న గుళ్లు తమ రాబడిలోంచి శాఖకు, సర్వశ్రేయోనిధికి వాటా కట్టాలి. చిన్న గుళ్లకు వచ్చే సాయంలో ఆ డబ్బు ఉంటుంది. ఇమాముల సంగతికొస్తే, జీతం వక్ఫ్ బోర్డులు ఇవ్వాలని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. బోర్డు వెనక వక్ఫ్ ఆస్తులున్నాయి. చర్చీలకు అలాంటి చట్టబద్ధ బోర్డు లేదు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఆస్తులు సి.ఎస్.ఐ.వి, బాప్టిస్టులవి బాప్టిస్టులవి, ఇండిపెండెంట్లవి ఎవరివి వాళ్లవి. అందుకని పాస్టరుకూ ఖజానాకూ మధ్య ఎవరూ లేరు. మంచో చెడో, మీరు తేల్చుకోవలసింది అదే.

రాజ్యాంగం 27వ అధికరణ అడ్డం వస్తుందని కొందరంటారు. అది ఫలానా మతం పెంపుకోసమే కేటాయించిన పన్నును ఆపుతుంది. మామూలు బడ్జెట్టులోంచి కొంచెం పోతే ఉల్లంఘన కాదని హజ్ సబ్సిడీ కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం గొడవ పక్కన పెట్టి మీ వాక్యం గొడవ చూసుకోండి.

గుత్తి కోట (అనంతపురం):
వాక్యం ఒక పక్క ఉండనీండి, కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. దరఖాస్తంటే సంఘం రిజిస్ట్రేషన్, మందిరం స్థలం పత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా. రిజిస్ట్రేషన్ కష్టం కాదు. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు, ఒక నియమావళి చాలు. ఏటా కమిటీ జాబితా దాఖలు చెయ్యకపోతే మాత్రం అది పేరుకే మిగులుతుంది.

స్థలం దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. చాలా ఊళ్లలో మందిరం కాలనీలో ఎవరికో ఇచ్చిన డి.కె.టి. పట్టా (సర్కారు బీదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి) మీద ఉంటుంది. 1977 అసైన్డ్ భూముల చట్టం ఆంక్షలున్న ఆ స్థలాన్ని సంఘం పేరుకు మార్చడం అంత సులువు కాదు. దాంతో పట్నంలో కాంపౌండు గోడ ఉన్న చర్చికి కాగితాలు ఉంటాయి, రేకుల షెడ్డు సంఘానికి ఉండవు. బీదవాళ్ల కోసం అన్న డబ్బు బీదవాళ్ల గడప దాకా రాదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కులపత్రం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. మతం మారిన ఎస్సీలు, వాళ్ల పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-సి, రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీ పత్రం చేతిలో పెట్టుకుని గౌరవ వేతనానికి సంతకం చేస్తే, "నేను క్రైస్తవ బోధకుణ్ణి" అని సర్కారు దస్త్రంలో స్వయంగా రాసిచ్చినట్టే. పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదని, పత్రం రద్దు కాకుండా ఉన్నంత మాత్రాన లాభం లేదని 2025 ఏప్రిల్లో మన హైకోర్టు చెప్పింది. ఆ తీర్పు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, నాకైతే మింగుడుపడలేదు. కానీ ఊర్లో ఎవడైనా కొడితే కేసు ఏ సెక్షన్ కింద పోతుందో 5,000 కోసం సంతకం పెట్టేముందు ఆలోచించాలి. దొంగ పత్రంతో రెండు పక్కలా తీసుకునేవాణ్ణి నేను వెనకేసుకు రాను. నిర్గమకాండం 20లో అబద్ధ సాక్ష్యం గురించి ఉన్నది పాస్టరుకు కూడా.

పైగా ఆ డబ్బు నెలనెలా వస్తుందన్న నమ్మకం లేదు. 2024 మే నుంచి నవంబరు వరకు బాకీ 2025లో గాని రాలేదు. ఈలోపు "అయ్యగారికి సర్కారు ఇస్తుంది లే" అని సంఘస్తులు కానుక తగ్గిస్తే రెండూ పోయినట్టే.

ఆర్‌సీఎం కర్నూలు:
క్యాథలిక్ బోధలో దీనికొక కొలత ఉంది. 1931లో పోప్ 11వ పయస్ చెప్పింది: కింది సమూహం తనంత తాను చెయ్యగలిగే పనిని పైది లాక్కోకూడదు, చేతగానిచోట ఆసరా ఇవ్వాలి. ఆసుపత్రి, రోడ్డు, కరువు సాయం సర్కారు చూడాలి. బోధకుడి కూడు సంఘం చూడాలి. లాక్కుంటే ఏమవుతుందో 4వ శతాబ్దంలోనే కనబడింది. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ గురువులకు (క్రైస్తవ యాజకులకు) నగరసభ బాధ్యతల నుంచి మినహాయింపు ఇచ్చేసరికి, ఆ బరువు తప్పించుకోవడానికి డబ్బున్నవాళ్లు గురుపట్టం కోసం ఎగబడ్డారు. చివరికి ఆయనే వాళ్లను ఆపుతూ చట్టాలు చేశాడు. జర్మనీలో ఇప్పటికీ ఆదాయపు పన్ను మీద 8 లేక 9 శాతం చర్చి పన్ను సర్కారే వసూలు చేసి పెడుతుంది. వద్దనుకుంటే చర్చి సభ్యత్వమే వదులుకుంటున్నానని అధికారికంగా రాసివ్వాలి.

కుందూ ఒడ్డు (నంద్యాల):
సర్కారుకు, పుల్పిట్‌కు (ప్రసంగ వేదికకు) మధ్య గోడ కట్టేసినట్టు మాట్లాడుతున్నారు. పెళ్లి లైసెన్సు మర్చిపోయినారా? 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మన ఇండిపెండెంట్ పాస్టరు పెళ్లి చెయ్యాలంటే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. వరుడికి 21, వధువుకు 18 నిండాలి, ఇద్దరు సాక్షులుండాలి. రిజిస్టరులో రాసి ఒక ప్రతి రిజిస్ట్రారుకు పంపాలి. లైసెన్సు లేకుండా చేస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు. ఇంతవరకు సర్కారును లోపలికి రానిచ్చి, డబ్బు దగ్గరే పరిశుద్ధత గుర్తొచ్చిందా?

సుంకేసుల:
మంచి ప్రశ్న. పెళ్లిలో సర్కారు అడిగేది వయసు, సాక్షులు, రిజిస్టరు. రేపు భార్యకు భరణం కావాలన్నా, బిడ్డకు ఆస్తి కావాలన్నా ఆ కాగితమే ఆధారం. అది రోమా 13 పనే. ఆ రోజు ఏ వాక్యం చెప్పాలో అడగదు. జీతం కూడా అడగదనుకో, నోరు తెరిచి అడగదు. కానీ మట్కా ఆడించే నాయకుడి గురించి ఆదివారం మాట్లాడబోయే మనిషికి జాబితాలో తన పేరు గుర్తుకు రాదంటావా?

లోటు పూడ్చడానికి దారి లేదనేది కూడా ఒప్పుకోను. పిడికెడు బియ్యం మళ్లీ గట్టిగా పట్టండి. వండే ముందు ఇల్లాలు తీసిపెట్టే పిడికిలి 50 గ్రాములనుకుంటే, రెండు పూటలకు నెలకు 3 కిలోలు. 30 ఇళ్లకు 90 కిలోలు. ఇంటి ఖర్చుకు ఉంచుకుని మిగిలింది సంఘంలోనే వేలం వేస్తే చేతికి డబ్బు వస్తుంది.

పెన్నా ఇసుక:
ఆ పిడికిట్లో ఉండేది ఏ బియ్యం అన్నా? మనిషికి 5 కిలోల స్టోరు బియ్యం గదా! సర్కారు గింజ ఎట్లాగూ పాస్టరు కుండలోనే ఉడుకుతాంది. పైగా దాన్ని వేలం వేస్తే సివిల్ సప్లైస్ వాళ్లు కేసు పెడతారు.

సుంకేసుల:
బాగా పట్టినావు. వేలం మాట వెనక్కి తీసుకుంటా, వండుకోవడానికే. కానీ స్టోరు బియ్యం ఆకలి చూసి ఇచ్చేది. కార్డులో మతం లేదు. పాస్టరు బీదవాడైతే బీదవాడిగా రేషను, ఇంటి స్థలం, 60 దాటితే 4,000 పింఛను తీసుకోనీ. పాస్టరుగా మాత్రం వద్దు.

గుత్తి కోట:
ఈ మాటకు నేనూ సై. పింఛను దరఖాస్తులో వృత్తి దగ్గర ఏం రాస్తున్నారో మాత్రం చూసుకోమనండి.

పెన్నా ఇసుక:
60 దాటినోళ్లకు సరే. ముప్పై అయిదేళ్ల పాస్టరుకు, ఇద్దరు పిల్లలకు ఈ నెల బడి ఫీజు ఎవరు కడతారో అదీ చెప్పండి.