విదేశీ పిలకాయల సెల్ నా నెత్తిన పడింది, ఎట్టా నడపాలో చెప్పండి

బాటనీ మేడం, నెల్లూరు:

నమస్తే. నెల్లూరు బయట హైవే పక్కనున్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బాటనీ చెప్తాను. జూన్లో పెద్దాఫీసుకి పిలిచి ఒక ఆర్డరు చేతిలో పెట్టినారు. విదేశీ విద్యార్థుల విభాగం, సమాన అవకాశాల సెల్, రెండూ ఇకనుంచి నావేనంట. జెరాక్స్ గది వెనక ఒక గది, ఒక బీరువా, తాళం పడని టేబులు సొరుగు. "నీకు ఇంగ్లీషు బాగొచ్చు గదమ్మా" అన్నారు. అదే నా అర్హత.

పిలకాయలు యాభై ఎనిమిది మంది. నైజీరియా, టాంజానియా, నేపాల్, భూటాన్. మణిపూర్ అమ్మాయిలు ఇద్దరిని కూడా ఇందులోనే రాసిపెట్టి ఉండారు. వాళ్ళది మన దేశమే గదయ్యా అని కొట్టేయబోతే, "ఉండనీండి మేడం, చూసేదానికి అట్టానే ఉంటారు గదా" అన్నాడు క్లర్కు.

నాకు ముందున్న సారు ఏటా ఫిబ్రవరిలో ఒక పండగ చేసేవారు. జెండాలు, స్టేజీ, ఎవరి దేశం బట్టల్లో వాళ్ళు ఒక డాన్సు, పెద్దవాళ్ళతో ఫోటో, బిర్యానీ. రెండు లక్షలు. ఈసారీ అదే చెయ్యమంటున్నారు.

అయితే ఆగస్టులో ఒకటి జరిగింది. టాంజానియా అమ్మాయి ఒకతె మూడు రోజులు క్లాసుకి రాలేదు. హాస్టలుకి పోయి చూస్తే మంచం నిండా బిస్కెట్ పాకెట్లు. మన కారం పడక కడుపు చెడింది, చెప్పుకోను మొహమాటం. ఏం తినాలనుంది తల్లీ అంటే "ఉగాలి" అని ఫోన్లో బొమ్మ చూపించింది. అది తీసుకుపోయి మెస్సులో వంటామెకి చూపిస్తే, "ఏందో అనుకున్నా, సంకటే గదమ్మా ఇది!" అనింది.

పెద్దబజారులో రెండు కిలోల మొక్కజొన్న పిండి తెచ్చిచ్చినా. ఎసరు మరిగినాక వంటామె తెడ్డు తీసుకోబోతే ఆ పిల్ల చేతిలోంచి లాక్కుంది. గుప్పెడు గుప్పెడు పిండి పోస్తా, గిన్నె అంచుకేసి నొక్కతా తిప్పింది. మనం సంకట్లో ఇంత అన్నం వేస్తామే, అది లేదు, ఉత్త పిండే. పొగలొచ్చే ముద్దని అరచేతిలో దొర్లించి, బొటనవేలితో మధ్యన గుంట చేసి, ఆ గుంటతో కూర తోడుకుని తినింది. కూరేందంటే మన తోటకూరే. వాళ్ళు మ్చిచా అంటారంట. బాటనీ చెప్పే నాకు ఈ మాట హాస్టలు మెస్సులో తెలిసింది. వంటామె కూడా ఒక ముద్ద తిని, ఉప్పు లేదని మొహం పెట్టింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం చేస్తుండారు. కాంట్రాక్టరు గ్యాసు ఖర్చని గొణుగుతుండాడు. నేపాల్ పిలకాయలు మరి మాకేందని అడుగుతుండారు.

నా ప్రశ్న ఒకటే. ఆ రెండు లక్షలు స్టేజీకి పెట్టేదా, ఇట్టాంటి వాటికి పెట్టేదా? ఏది ముందు చెయ్యాలి?

—

కావలి రిటైర్డ్ వార్డెన్:

అమ్మా, ఇరవై ఏళ్ళు హాస్టళ్ళు చూశాను. ముందు చూసుకోవలసింది మొదటి పద్నాలుగు రోజులు. ఆర్నెల్లు దాటిన స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు ఆ గడువులోపలే విదేశీయుల రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆన్‌లైన్ పనే, కానీ కాగితాల్లో ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే తిప్పి పంపుతారు. పాస్‌పోర్టులో ఎట్లా ఉంటే అట్లాగే మీ రిజిస్టర్లో ఎక్కించండి. మనవాళ్ళు ఇంటిపేరు కోసం వెతికి వెతికి తండ్రి పేరు ముందు తగిలించేస్తారు, గొడవంతా అక్కడే. నేపాల్, భూటాన్ పిల్లలకు వీసా అక్కర్లేదు, వాళ్ళ దస్త్రం వేరే పెట్టుకోండి.

బయట గది ఇచ్చేవాళ్ళు భయపడేది మనుషుల్ని చూసి కొంత, పోలీసుల్ని తలుచుకుని కొంత. విదేశీయులు దిగిన 24 గంటల్లో ఇంటివాళ్ళు ఆన్‌లైన్లో వివరాలు ఎక్కించాలి. దాన్నందరూ సీ ఫారం అంటారు. ఒక ఇంటాయన పక్కన కూర్చుని నేనే ఫోన్లో చేసి చూపించాను. ఆ వీధిలో మరో రెండు ఇళ్ళు దొరికాయి.

చెన్నైలో అర్ధరాత్రి విమానం దిగినవాణ్ణి నెల్లూరు దాకా ఒంటరిగా రమ్మనకండి. బండి పంపించండి, స్టేజీ డబ్బు దానికి సరిపోతుంది. రంజాన్ నెలలో తెల్లవారుజామున మెస్సు తెరిపించండి.

స్టేజీ మానేస్తే పిల్లలకు పండగ లేదనుకోకండి. మొహర్రంలో బారాషహీద్ దర్గాకి తీసుకెళ్ళండి. ఒకసారి నైజీరియా కుర్రాణ్ణి రొట్టెల పండగకి వెంటబెట్టుకెళ్ళాను. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు దిగి చదువు బాగా రావాలని కోరుకుని చదువు రొట్టె పట్టాడు. కోరిక తీరితే వచ్చే ఏడు నువ్వు తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలిరా అంటే, "అప్పటికి నేను లాగోస్‌లో ఉంటాను, కొరియర్ చెయ్యొచ్చా సార్?" అన్నాడు.

—

కోవూరోణ్ణి:

మన పిలకాయలకే దిక్కులేదు, వాళ్ళ సంకటి గోల ఎందుకు మేడం? జీతం తీసుకుని గమ్మున ఉండండి.

—

ఒంగోలు నుంచి టెక్సాస్:

కోవూరు అన్నా, నేను ఇక్కడికి వచ్చినప్పుడు ఈ ఊరోళ్ళు నాకు అదే మాట అని ఉంటే ఏమయ్యేవాణ్ణో.

మేడం, చదువుకునేటప్పుడు ఇక్కడి విదేశీ విద్యార్థుల ఆఫీసులో పనిచేశాను. ఎఫ్‌1 అనే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలదాకా పని చెయ్యొచ్చు. నాకిచ్చిన పనేంటంటే కొత్తగా వచ్చినవాళ్ళని బ్యాంకుకి, సరుకుల కొట్టుకి తీసుకెళ్ళడం. అంతే. దానికి జీతం. ఊరికే చేయమంటే రెండో వారంలోనే ఎగ్గొట్టేవాణ్ణి, ఒట్టు! మీరూ సీనియర్లకి నెలకింతని ఇచ్చి పెట్టుకోండి. టాపర్లని మాత్రం వద్దు, వాళ్ళకి తీరికుండదు. క్యాంటీన్లో ఎప్పుడూ కనపడే పిల్లలుంటారు చూడండి, వాళ్ళు పనికొస్తారు.

ఇంకోటి. మీ సొరుగుకి తాళం లేదన్నారు, ముందు అది చేయించండి. పిల్లలు మీకు చెప్పినవి రాసి అందులోనే పెడతారు గదా.

—

రాపూరు వైపోణ్ణి:

కోవూరు అన్న "మన పిలకాయలు" అన్నాడు. అందులో నేనున్నానో లేదో తెలియక రాస్తున్నా. మేము యానాదులం. మా ఇంట్లో డిగ్రీ గుమ్మం తొక్కింది నేనే ముందు. కాలేజీ మా ఊరికి గంట దూరం, అయినా మొదటి సంవత్సరం ఆ టాంజానియా అమ్మాయి మాదిరే నేనూ గదిలోంచి బయటికి రాలేదు. "మీరు ఎలకలు తింటారంటగా" అని అడిగేవాళ్ళు. నవ్వి ఊరుకునేవాణ్ణి. హాస్టల్లో ఎవరిదో ఫోన్ పోతే నలభై మందిలో ముందు తెరిచింది నా పెట్టె. కొన్ని జాతుల్ని పుట్టుకతోనే దొంగలని ముద్రేసిన నేర జాతుల చట్టం 1952లోనే రద్దయింది, మా వార్డెనుకి ఎవరూ చెప్పినట్టు లేరు. ఫోన్ తర్వాత అది పోగొట్టుకున్నోడి బావ బండి డిక్కీలో దొరికింది. నాకు సారీ ఎవరూ చెప్పలేదు.

మేడం, మీకు రెండు సెల్లులిచ్చారు, మీరు రాసిందంతా ఒకదాని గురించే. సమాన అవకాశాల సెల్ పెట్టాలని, వివక్ష మీద ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలని యూనివర్సిటీలకి రూల్సు పెట్టే యూజీసీ 2012 నిబంధనల్లోనే ఉంది. మా కాలేజీలో అది గోడ మీద ఒక ఫ్లెక్సీ. దోర్నాల వైపు నుంచి వచ్చిన చెంచు అమ్మాయి ఒకతె మా బ్యాచిలో ఉండేది. దసరా సెలవులకి పోయి మళ్ళీ రాలేదు. ఎందుకు రాలేదని అడిగినోళ్ళు లేరు.

—

బాటనీ మేడం, నెల్లూరు:

అందరికీ థాంక్సండీ. పది రోజులు జవాబివ్వలేకపోయినా, ఇంటర్నల్స్.

రాపూరు అబ్బాయ్, నువ్వు రాసింది రెండుసార్లు చదివినా. ఆ రెండో సెల్ ఫైలు అప్పటిదాకా తెరవలేదు, నిజం. తెరిస్తే లోపల మూడేళ్ళవి మీటింగు మినిట్సు ఉండాయి, మూడిట్లోనూ తేదీలు తప్ప మాటలన్నీ ఒకటే. దసరా తర్వాత రాని పిలకాయల పేర్లు మా అటెండెన్సు రిజిస్టర్లోంచి తీసినా. పదకొండు మంది. అందులో ఎవరూ విదేశీయులు కాదు. ఫోన్లు చేస్తుండా. నలుగురు ఎత్తినారు. ఇద్దరు వస్తామన్నారు. ఒక పిల్లోడు ఫీజు బాకీ చెప్పి పెట్టేసినాడు.

స్టేజీ పూర్తిగా తీసేయనీలేదు. ఫోటో కావాలంట. చిన్న షామియానా, యాభై వేలు అన్నా, సరేనన్నారు. మిగతా దాంట్లో ఆరుగురు సీనియర్లకి నెల జీతం, చెన్నై బండి. మణిపూర్ పిల్లలిద్దర్నీ ఆ లిస్టులోంచి తీయించినా. క్లర్కు ఇంకా మాట్లాడటం లేదు.

సొరుగుకి తాళం పడింది. తలుపు మీద బోర్డులో "విదేశీ విద్యార్థుల" అనే రెండు మాటలు చెరిపేసి ఉత్త "విద్యార్థుల" అని రాయమంటే, కొత్తగా రాసినా చెరిపినా ఒకటే రేటని పెయింటరు మూడొందలు తీసుకున్నాడు.