సిరా తగ్గాక పెన్ను కక్కుతోంది: పాళీ కింది నాలుకకు వేడి పెట్టాలా?

డ్రాపర్‌తో సిరా పోసే ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను. గొట్టం నిండుగా ఉన్నంతసేపు బాగానే రాస్తుంది. మూడో వంతుకు దిగిందా, పాళీ కింద బొట్టు ఊరి కాగితం మీద టప్పున పడుతోంది. చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి సిరాను తోస్తుందని తెలుసు, కానీ ఇంతలానా? మరలకు సిలికాన్ గ్రీజు రాశాను, అక్కడ కారడం లేదు. వెలుతురుకు పట్టి చూస్తే పాళీకీ, దాని కిందుండి సిరా అందించే నాలుకకీ మధ్య వెంట్రుకంత సందు కనిపిస్తోంది. 1884లో పెన్నుల తయారీదారు వాటర్‌మన్ పేటెంటు తీసుకున్న కిటుకంతా ఆ నాలుక గాళ్లలోనే కదా: దిగిన సిరాకు సరిపడా గాలి పైకి పోవాలి.

మరిగే నీళ్లలో నాలుక ఒక్కటే ముంచి, మెత్తబడ్డాక పాళీకి అదిమి పట్టుకోవాలనుకుంటున్నా. ఎన్ని సెకన్లు ఉంచాలి? వేడినీళ్లకు నల్ల ఎబొనైట్ గోధుమరంగు తిరుగుతుంది కాబట్టి పెన్ను మెడను మాత్రం ముంచను. గాడి మూసుకుపోకుండా ఎక్కడ నొక్కాలి?