ఖోన్ కెన్‌లో అత్తగారి స్థలంలో ఇల్లు కడుతున్నాం, నా పేరు ఎక్కడ ఉండాలి?

తణుకు_రయోంగ్

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా థాయ్‌లాండ్‌లో, రయోంగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చూస్తున్నాను. నా భార్య థాయ్ అమ్మాయి, వాళ్లది ఖోన్ కెన్ దగ్గర ఊరు. మాకు నాలుగేళ్ల పాప.

మా అత్తగారు వాళ్ల ఇంటి పక్కనే రెండు న్గాన్ల స్థలం మాకు ఇస్తానంటున్నారు. అంటే 800 చదరపు మీటర్లు, మన లెక్కలో 20 సెంట్లకు కాస్త తక్కువ. మొన్నటిదాకా అందులో చెరకు వేశారు. ఒక అంతస్తు, మూడు పడగ్గదులు, 140 చదరపు మీటర్లలో కట్టాలని మా ఆలోచన. నా దగ్గర 13 లక్షల బాత్ ఉంది. మిగతాది నాన్న ఊళ్లో స్థలం అమ్మి పంపుతానంటున్నారు. అందుకే టెన్షన్‌గా ఉంది, అది నాన్న జీవితమంతా దాచుకున్న డబ్బు.

భూమి నా పేర రాదని తెలుసు. ఇల్లయినా నాది అవుతుందా? ఫ్యాక్టరీలో అందరూ "పోయినా ఫర్వాలేదనుకునే డబ్బే పెట్టు" అంటున్నారు. పాప పెరగబోయే ఇంటి గురించి అలా ఎలా అనుకోను?

రెండో సంగతి. స్థలం రోడ్డుకంటే మోకాలి లోతు పల్లం. ఇప్పుడు మే నెల. మట్టి పోయించి దసరాకి పునాది తీయొచ్చా?

ఇంకోటి కూడా ఉంది. నాన్న తూర్పు ముఖం, వాస్తు అంటున్నారు. అత్తగారికి వాళ్ల పట్టింపులు వాళ్లకున్నాయి. ఇద్దరినీ నొప్పించకుండా కట్టినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

ఉడోన్_అనకాపల్లి

తమ్ముడూ, నేను పదిహేనేళ్లుగా ఉడోన్ థానీ దగ్గర పల్లెలో ఉంటున్నాను. 2014లో ఇల్లు కట్టాం. అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

ముందు స్థలం కాగితం చూడండి. జిరాక్స్ కాదు, ఒరిజినల్ చేత్తో పట్టుకుని చూడండి. పైన గరుత్మంతుడి ముద్ర ఉంటుంది. ఎర్ర గరుడుడైతే చనోట్, అంటే పూర్తి పట్టా. ఆకుపచ్చదైతే నో సో 3 కో, అది ఒక మెట్టు కింద. నీలం రంగైతే మాత్రం ఆగిపోండి. అది సో పో కో 4-01, భూసంస్కరణల కింద రైతులకు సాగు కోసం ఇచ్చిన భూమి. మన అసైన్డ్ భూమి లాంటిదనుకోండి. బయటివాళ్లకు అమ్మడానికి, లీజుకివ్వడానికి కుదరదు. ఇసాన్ పల్లెల్లో, అంటే ఈ ఈశాన్య థాయ్‌లాండ్ వైపు, ఇది చాలా ఉంది. మీది నీలమైతే నేను కింద రాసేవేవీ పనికిరావు.

ఎర్రదే అనుకుందాం. ఇక్కడ విదేశీయుడికి భూమి ఉండకూడదు గానీ కట్టడం ఉండొచ్చు. అయితే ఊరికే కట్టేస్తే ఇల్లు నేలలో కలిసిపోయినట్టే, నేల ఎవరిదో ఇల్లూ వాళ్లదే. అలా కలవకూడదంటే ఆ నేల మీద మీకొక హక్కు ల్యాండ్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి. సివిల్ కోడ్ 1410 సెక్షన్ దాని గురించే. థాయ్‌లో సిట్ నుయ ఫుయన్ దిన్ అంటారు, "నేల పైన హక్కు" అని అర్థం. గరిష్ఠంగా 30 ఏళ్లకు గానీ, జీవితకాలానికి గానీ రాయించుకోవచ్చు. సిట్ కెప్ కిన్ అని ఇంకొకటి ఉంది. మాటకు మాట చెప్పాలంటే "ఏరుకుని తినే హక్కు". బతికున్నంత కాలం ఉండొచ్చు, అనుభవించొచ్చు, మనతోనే పోతుంది. లీజు కూడా 30 ఏళ్ల వరకు కుదురుతుంది, మూడేళ్లు దాటిన కాలానికి రిజిస్టర్ చేయించకుండా చెల్లదు.

మీకు ఒక మంచి అవకాశం ఉంది, దాన్ని వదులుకోకండి. భార్యాభర్తలు పెళ్లయ్యాక తమలో తాము రాసుకున్న ఆస్తి ఒప్పందాన్ని ఇద్దరిలో ఎవరైనా ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. విడాకులైతే ఆ తరువాత ఏడాది దాకా కూడా. అది 1469 సెక్షన్. భూమి ముందు మీ ఆవిడ పేరుకి మారి, తరువాత ఆవిడ మీకు హక్కు రాసిస్తే దానికి ఈ బలహీనత ఉంటుంది. మీ విషయంలో భూమి ఇంకా అత్తగారి పేరే ఉంది కదా! ఆవిడ చేతే మీ పేరున ఆ "నేల పైన హక్కు" రిజిస్టర్ చేయించండి. అది చనోట్ వెనక ఎక్కుతుంది. ఆ తరువాత ఆవిడ స్థలం కూతురికి రాసిస్తే మీ హక్కుతో సహా వెళుతుంది. కొన్ని ఆఫీసుల్లో ఈ హక్కు రిజిస్టర్ చేయడానికి వెనకాడతారు. అందుకని ముందుగా మీ ఆవిడ, అత్తగారు వెళ్లి అక్కడి అధికారితో మాట్లాడి రావాలి. ఒక లాయరుతో కాగితాలు రాయించుకోండి, ఆ ఖర్చు దండగ కాదు.

ఇంటి ప్లాన్ పర్మిట్ ఓ బో తోలో ఇస్తారు, మన పంచాయతీ ఆఫీసు లాంటిది. మీది మునిసిపాలిటీ కిందకు వస్తే తెసబాన్‌లో. పర్మిట్ మీ పేరున తీసుకోండి. మేస్త్రీతో ఒప్పందం మీ పేరున, డబ్బు మీ ఖాతా నుంచి, రసీదులు మీ పేరున. ఇల్లయ్యాక తాబియన్ బాన్ అనే నీలం పుస్తకం ఇస్తారు, చాలామంది అదే ఇంటి పట్టా అనుకుంటారు. అది ఎవరు ఎక్కడ నివాసం ఉంటున్నారో చెప్పే పుస్తకం మాత్రమే. విదేశీయులకు పసుపు పుస్తకం ఇస్తారు. తీసుకోండి, పనికొస్తుంది, కానీ దాంతో ఇల్లు మీదవ్వదు.

ఇదంతా మీ ఆవిడ మీద అనుమానంతో చేయమనడం లేదు. నా సంగతి చెబుతాను. మా ఇంట్లో నా పేరు ఎక్కడా లేదు. స్థలం ఆవిడ పేరు, పర్మిట్ ఆవిడ పేరు, మేస్త్రీ ఒప్పందం ఆవిడ పేరు. మా ఇద్దరి మధ్య ఒక్కరోజు కూడా దాని గురించి మాట రాలేదు. 2021లో ఆవిడ చనిపోయింది. పాపకి అప్పుడు ఏడేళ్లు. కర్మలు అయ్యాక బ్యాంకుకి వెళితే కోర్టు ఆర్డరు తెమ్మన్నారు. ఇక్కడ చనిపోయినవాళ్ల ఆస్తి పంచాలంటే కోర్టు ఒకరిని నిర్వాహకుడిగా నియమించాలి. నెలలు పట్టింది. చట్టం ప్రకారం ఆవిడ ఆస్తిలో పాపకి, నాకు, మా అత్తమామలకు వాటాలు వస్తాయి. నా వాటాకి వచ్చే భూమిని విదేశీయుడిగా నేను ఉంచుకోలేను, అమ్ముకోవాలి. మా అత్తమామలు దేవుళ్లలాంటివాళ్లు. వాళ్ల వాటా వదులుకున్నారు, నేనూ వదులుకున్నాను, అంతా పాప పేరుకి వచ్చింది. వాళ్లు వేరే రకం మనుషులైతే నేను, నా కూతురు ఏ అద్దె ఇంట్లో ఉండేవాళ్లమో! ఆవిడ ఉండగా అరపూట కూర్చుని రాసుకోవాల్సిన కాగితాలు ఇవి.

అందుకని ఇద్దరూ వీలునామాలు రాయండి. అంఫ్హో, అంటే జిల్లా ఆఫీసులో అధికారి ముందు, ఇద్దరు సాక్షులతో రాయించొచ్చు. మీ పాప థాయ్ పౌరురాలు కాబట్టి భూమి ఆమెకి రావచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. భూమి మైనరు పేరుకి వెళ్లాక దాన్ని అమ్మాలన్నా, దాని మీద ఎవరికైనా హక్కు రాయాలన్నా కోర్టు అనుమతి కావాలి. మీ హక్కు దానికి ముందే ఎక్కి ఉండాలి.

"పోయినా ఫర్వాలేదనుకునే డబ్బు" అనే మాట నేనూ చాలాసార్లు విన్నాను. సెలవులకు వచ్చి ఇల్లు కట్టుకునేవాళ్లకి సరిపోతుందేమో. ఇక్కడే బతికి, పిల్లల్ని ఇక్కడే బడికి పంపేవాడికి ఆ మాట ఎందుకూ పనికిరాదు.

సివిల్_కరీంనగర్

అన్న రాసింది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. అన్నా, మీకూ పాపకూ మంచి జరగాలి.

నేను సివిల్ ఇంజనీర్‌ని, బ్యాంకాక్‌లో ఉంటాను, ఇసాన్‌లో కొన్ని ఇళ్లు చూసుకున్నాను. మట్టి సంగతి చెబుతాను.

దసరాకి వద్దు. చెరకు పొలం కాబట్టి ముందు పైమట్టి, మోడులు, వేళ్లు అన్నీ గీకి తీయించండి. వాటిమీదే పోస్తే లోపల కుళ్లి నేల కుంగుతుంది. పోసేది ఒకేసారి కుప్పలుగా కాకుండా, అడుగు లోపు పొరలుగా పరిచి రోలరు తిప్పించాలి. అక్టోబరు దాకా వానలు పడతాయి, ఆ వానలన్నీ దాని మీద పడనివ్వండి. డిసెంబరులో వరికోతలయ్యాక పునాది తీయండి. ఇక్కడ పనివాళ్లలో చాలామంది రైతులే. నాట్లప్పుడు, కోతలప్పుడు సైటు ఖాళీ అయిపోతుంది, ఏప్రిల్‌లో సోంగ్‌క్రాన్‌కి, అంటే థాయ్ కొత్త సంవత్సరం పండక్కి, ఎటూ ఎవరూ ఉండరు.

వానాకాలం గడిచినా సరే, పునాది పోసిన మట్టి మీద నిలబడకూడదు. దాన్ని దాటి కింద పాత గట్టి నేల దాకా వెళ్లాలి. ఇంట్లో ఫ్లోరు కూడా మట్టి మీద పరిచేది కాకుండా బీముల మీద కూర్చునే ప్రీకాస్ట్ (ముందే పోసి తెచ్చే) కాంక్రీటు పలకలతో వేయించండి. నేను చూసిన ఒక ఇంట్లో పడగ్గదులకు పలకలు వేసి, వెనక వంటగదికి డబ్బు మిగుల్చుదామని మట్టి మీదే కాంక్రీటు పోశారు. రెండేళ్లకు వంటగది నాలుగు వేళ్లు దిగి, గోడ దగ్గర చెయ్యి దూరేంత సందు వచ్చింది. ఫ్లోరు వేయకముందే చెదలమందు పైపులు వేయించాలి, తరువాత వేయలేరు.

మీరు అడగలేదు గానీ నాకు ఎక్కువ భయం వేసింది వేరే దానికి. మీ స్థలం ఎత్తు పెంచితే ఆ నీళ్లు ఎటు పోతాయి? పక్కన ఉన్నది మీ అత్తగారి పాత ఇల్లు. రెండిళ్ల మధ్య మట్టి జారకుండా ఆపే రిటైనింగ్ గోడ, దాని వెంట రోడ్డు కాలువ దాకా డ్రైను పెట్టకుండా ఒక్క లారీ మట్టి కూడా దింపించకండి.

ఇనుము దగ్గర జాగ్రత్త. ఊచల మీద మో ఓ కో ముద్ర ఉండాలి, మన ఐఎస్‌ఐ లాంటిది. షాపులో "లెక్ తెమ్" అని అడగండి, అంటే నిండు ఇనుము. అలా అడగకపోతే పలచనిది అంటగట్టే షాపులున్నాయి. 12 ఎంఎం ఊచ మీటరుకు 0.888 కిలోలు తూగాలి, అంటే 10 మీటర్ల ఊచ దాదాపు 8.9 కిలోలు. నాలుగు ఊచలు కాటా వేయించండి. మేస్త్రీకి పని అయినకొద్దీ డబ్బు ఇవ్వండి, చివరి పదో వంతు డబ్బు మాత్రం కరెంటు మీటరు, నీళ్లు, డ్రైనేజీ అన్నీ చూసుకున్నాకే ఇవ్వండి. నాకు తెలిసినాయన పైకప్పు దశలో సగానికి పైగా ఇచ్చేశాడు, ఆ కాంట్రాక్టరు మళ్లీ కనపడలేదు.

వేడి తగ్గడానికి పడమటి గోడ ఏఏసీ బ్లాకులతో (తేలికపాటి కాంక్రీటు ఇటుకలు) కట్టి, చూరు మీటరుకు పైగా బయటికి లాగండి.

విశాఖ_చియాంగ్‌మై

నా భర్త థాయ్ ఆయన, కాబట్టి మా ఇంట్లో అటుది ఇటు. వాస్తు గురించి కంగారుపడకండి, రెండూ చాలావరకు కలుస్తాయి. థాయ్‌వాళ్లు పడమటికి తల పెట్టి పడుకోరు, అది శవాన్ని పడుకోబెట్టే దిక్కు అంటారు. మనం ఉత్తరానికి పెట్టం. తూర్పు, దక్షిణం మిగిలాయి. పడగ్గదులన్నీ ఆ రెండిటికీ సరిపోయేలా గీయించాం, మా నాన్నగారూ మా అత్తగారూ ఇద్దరూ ఒప్పుకున్నారు.

మన శంకుస్థాపన రోజున వీళ్లు సావ్ ఏక్ చేస్తారు, మొదటి స్తంభం ఎత్తడం. భిక్షువులు వచ్చి చదువుతారు, తొమ్మిది రకాల మంగళకరమైన చెట్ల మేకులు గోతిలో దిగ్గొడతారు. స్తంభానికి అరటి పిలక, చెరకు గడ కడతారు. వీడియో కాల్‌లో అది చూసి మా అమ్మ ఏడ్చేసింది, అచ్చం మన పెళ్లి పందిరిలా ఉందని. మీ నాన్నగారిని ఆ రోజుకు రప్పించండి.

వంటగది వెనకవైపు, సగం తెరిచి ఉండేలా కట్టించండి. ఇక్కడ మిరపకాయలు వేయించేది అక్కడే, మన పోపు ఘాటూ ఇంట్లోకి రాదు.

బ్యాంకాక్_నెల్లూరు

నాన్నగారి డబ్బు గురించి ఒక్క మాట. ఆయన ఇండియాలో రెసిడెంటు కాబట్టి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బ్యాంకు ద్వారా మీకు పంపొచ్చు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటితే దాటిన మొత్తం మీద టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే పన్ను, పట్టుకుంటారు. అది ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లో సర్దుకుంటుంది గానీ, చేతికి రావడానికి టైము పడుతుంది. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపితే రెండు ఆర్థిక సంవత్సరాల్లోకి వస్తుంది. బ్యాంకు కాకుండా చేతి మీదుగా, తెలిసినవాళ్ల ద్వారా పంపించడం మాత్రం వద్దు. ఇంటికి డబ్బు మీరే పెట్టారని చూపించే మొదటి కాగితం ఆ బ్యాంకు స్లిప్పే.

తణుకు_రయోంగ్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఉడోన్ అన్నయ్య గారూ, మీరు రాసింది మా ఆవిడకి థాయ్‌లో చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, తరువాత తనే అమ్మకి ఫోన్ చేసింది. అత్తగారు బిస్కెట్ల డబ్బాలోంచి కాగితం తీసి ఫొటో పంపారు. ఎర్ర గరుడుడే. వచ్చే మంగళవారం ముగ్గురం ల్యాండ్ ఆఫీసుకి వెళుతున్నాం, లాయరుని కూడా మాట్లాడుకున్నాం.

అత్తగారిది ఒకటే షరతు. స్థలం మూలన మామయ్యగారు నాటిన చింతచెట్టు ఉంది, కొట్టడానికి వీల్లేదంటున్నారు. అది సరిగ్గా ఈశాన్యంలో ఉంది. నాన్నకి ఇంకా చెప్పలేదు. మట్టి పోస్తే చెట్టు బతుకుతుందా?

సివిల్_కరీంనగర్

మొదలు చుట్టూ మట్టి పోస్తే మెల్లగా చచ్చిపోతుంది, వేళ్లకు గాలి ఆడదు. కొమ్మల నీడ పడే మేర పాత మట్టం అలాగే ఉంచి, చుట్టూ గుండ్రంగా రాతి గోడ కట్టించండి, లోపల నీళ్లు నిలవకుండా ఒక పైపు డ్రైనులోకి వదలండి. ఇల్లు నైరుతి వైపు జరపండి, 20 సెంట్లలో 140 చదరపు మీటర్ల ఇంటికి చోటు చాలా ఉంది. ప్లాన్ గీయించాక ఇక్కడ పెట్టండి, చూస్తాను.

ఉడోన్_అనకాపల్లి

నాన్నగారికి చెట్టు ఎవరు నాటారో ముందు చెప్పండి, తరువాత దిక్కు చెప్పండి. మంగళవారం ఆఫీసులో ఏమన్నారో రాయండి, ఎదురుచూస్తుంటాను.